నీళ్ళల్లో ఒక్కటిగా ఉన్న వీధి, లిస్టు అతికించాక రెండైంది. మీ దగ్గర కూడా ఇంతేనా?

సింగ్‌నగర్_డాబా

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో లోపలి వీధి. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం తెల్లారేసరికి గుమ్మంలో బుడమేరు వరద నీళ్ళు. మధ్యాహ్నానికి కింద పోర్షన్‌లో స్విచ్ బోర్డు మునిగింది. కింద ఇళ్ళవాళ్ళంతా పైవాళ్ళ డాబాలెక్కారు. అప్పుడు ఎవరిది ఏ జెండా అని ఎవరూ చూడలేదు. మా కుర్రాళ్ళు లారీ ట్యూబులు కలిపి కట్టి, మీద తలుపు చెక్క వేసి, తాడు పట్టుకుని ఫ్లైఓవర్ దాకా వెళ్ళేవాళ్ళు. తెచ్చిన పాలు ముందు పసిపిల్లల ఇళ్ళకి, పొట్లాలు తర్వాత ముసలివాళ్ళకి, మిగిలితే తక్కినవాళ్ళకి. ఆ తాడు ముందు పట్టుకున్నది ఒక పార్టీ బూత్ ఏజెంటు, వెనకాల పట్టుకున్నది అవతలి పార్టీ బూత్ ఏజెంటు.

ఇప్పుడు సచివాలయం గోడకి వరద సాయం ఎవరికొస్తుందో లిస్టు అతికించారు. ఇద్దరిలో ఒకడి పేరుంది, ఇంకొకడి పేరు లేదు. అంతే, మొదలైంది. "మీ వాళ్ళు గేట్లెత్తి మమ్మల్ని ముంచారు", "మీ వాళ్ళు ఐదేళ్ళు కాలవ ముట్టుకోలేదు" అంటూ వాట్సాప్‌లో రాత్రి రెండింటి దాకా బూతులు. నిన్న పాల బూత్ దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. పెద్దవాళ్ళం అడ్డం పడితే మమ్మల్ని కూడా "మీరు ఎటు?" అని అడుగుతున్నారు. ఎటేమిట్రా, మేం డాబా మీద మీతోనే ఉన్నాం కదా!

తక్కిన వీధుల్లో ఎలా ఉంది?

పెసరట్టు_ఉప్మా

ఇంతే. మా దగ్గర గ్రూప్ మూడైంది. మూడో గ్రూపులో అడ్మిన్ ఒక్కడే ఉన్నాడు.

కండ్రిక_కిరణ్

మా దగ్గర గొడవ పార్టీలది కాదండి, కింద పోర్షన్‌కీ పై పోర్షన్‌కీ. కిందవాళ్ళకి 25,000, మొదటి అంతస్తు, ఆపైన వాళ్ళకి 10,000 అన్నారు కదా. మేం పైన. మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు నిజమే. కానీ కిందున్న రెండు కుటుంబాలు మా ఇంట్లోనే తిన్నారు, పడుకున్నారు. బియ్యం, గ్యాసు అంతా మాదే. ఇప్పుడు ఆ కింది ఆవిడ "మీకు పదివేలు ఎందుకు వేశారో" అని నాలుగిళ్ళల్లో అంటోందట.

నిజం_నిష్ఠూరం

నీళ్ళల్లో అన్నీ పోగొట్టుకున్న మనిషి బాధలో ఏదో అని ఉంటుంది. అన్నం పెట్టి లెక్క చెప్పకూడదు అన్నా.

కండ్రిక_కిరణ్

లెక్క నేను చెప్పట్లేదు బాబూ, ఆవిడ చెబుతోంది.

ఫ్యాన్_అభిమాని

అసలు విషయం ఎవరూ మాట్లాడరేం? ఇది దేవుడు తెచ్చిన వరద కాదు, మనుషులు తెచ్చింది. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తి బుడమేరు నీళ్ళు ఊరి మీదకి వదిలారు. కృష్ణ కరకట్ట మీద చంద్రబాబు ఇల్లు కాపాడుకోవడానికి సింగ్‌నగర్‌ని ముంచారు. జగన్ గారు సెప్టెంబర్ 2న నీళ్ళల్లో నిలబడి ఇదే చెప్పారు.

సైకిల్_చైన్

మొదలెట్టావా. మీ ఐదేళ్ళల్లో బుడమేరు డైవర్షన్ ఛానల్ మీద ఒక్క తట్ట మట్టి తీశారా? పనులు ఆపింది ఎవరు? మా సీఎం ఇంటికి పోకుండా కలెక్టరేట్‌లోనే బస చేశారు, జేసీబీ ఎక్కి వీధులు తిరిగారు. ఇరిగేషన్ మంత్రి నిమ్మల రామానాయుడు గండి పూడేదాకా గట్టు మీద నుంచి కదల్లేదు. మీ నాయకుడు బెంగళూరు నుంచి వచ్చి వెళ్ళడం కూడా ఒక సాయమేనా?

గుణదల_గుమాస్తా

ఇద్దరూ టీవీ పెట్టుకున్నట్టు ఉంది. సౌండ్ తగ్గించండి.

రిటైర్డ్_డెల్టా

ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. తిట్టేవాళ్ళు చదివాక తిట్టండి.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ అంచు ఒరుసుకుంటూ వెళ్ళి కొల్లేరులో కలుస్తుంది. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ తవ్వి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి తిప్పారు. ఆ ఛానల్ కెపాసిటీ 15,000 క్యూసెక్కులు. ఆగస్టు 31న కురిసిన వానకి అధికారుల లెక్క ప్రకారమే దానికి రెట్టింపు మించి వచ్చింది. పైగా ఆ ఛానల్ నీళ్ళు కృష్ణలోకి దిగాలంటే కృష్ణ మట్టం తక్కువుండాలి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నడిచింది. బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ లేదు. నది ఎగదన్నుతుంటే ఛానల్ ఎటు పోతుంది? గట్లు తెగాయి. కవులూరు, శాంతినగర్ వైపు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. చివరి గండి ఆర్మీ వాళ్ళు వచ్చి, ఇనప వల బుట్టల్లో రాళ్ళు నింపి వేస్తే వినాయక చవితి రోజుకి, అంటే 7వ తేదీకి పూడింది.

ఇప్పుడు ఇల్లు కాపాడుకోవడానికి ముంచారన్న మాట. 11 లక్షల్లో 15 వేలు కలిస్తే నూటికి ఒకటిన్నర కూడా కాదు. దాంతో కరకట్ట మీద ఏ ఇల్లూ మునగదు, తేలదు. అలాగని అవతలివాళ్ళు చప్పట్లు కొట్టక్కర్లేదు. ఆ ఛానల్ వెడల్పు చేయాలన్న మాట ఎప్పటి నుంచో ఉంది, 2005లో కూడా ఇదే బుడమేరు ఇదే ఊరిని ముంచింది. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారాయో మీరే లెక్కపెట్టుకోండి. గేటు ఎత్తడం తప్పు కాదు. నీళ్ళు అంతలా వస్తుంటే ఎత్తకపోతే రెగ్యులేటరే పోతుంది. ఎత్తబోయే ముందు కింద ఉన్నవాళ్ళకి చెప్పాలి. శనివారం రాత్రి సింగ్‌నగర్‌లో ఎవరి ఫోన్ అయినా మోగిందా? నాకు తెలిసి అడగాల్సింది ఇది ఒక్కటే.

సింగ్‌నగర్_డాబా

మా వీధిలో ఎవరికీ మోగలేదండి. మాకు తెలిసింది పక్కింటి కుక్క మొరుగుతుంటే.

ఫ్యాన్_అభిమాని

వాలంటీర్లు ఉండుంటే మోగేది. 50 ఇళ్ళకి ఒకడు ఉండేవాడు, ఇంట్లో ఎవరికి షుగర్, ఎవరికి డయాలసిస్ వాడికి తెలుసు. వాళ్ళని పక్కన పెట్టారు, ఇప్పుడు లిస్టులో తప్పులంటున్నారు.

సైకిల్_చైన్

ఆ వాలంటీర్లు ఎన్నికల ముందు ఎవరి కోసం రాజీనామాలు చేశారో ఊరంతటికీ తెలుసులే.

అజ్ఞాత_ఉద్యోగి

సచివాలయం ఉద్యోగినే. ఎక్కడో చెప్పను. వాలంటీర్ల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. ఇల్లిల్లూ తిరిగి నష్టం సర్వే యాప్‌లో ఎక్కించింది మేమే. వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు కూడా మాతో తిరిగారు, పాపం వాళ్ళకి ఏ సందు ఎటు పోతుందో తెలీదు.

ఒక ఇంటికి వెళ్తే ఏమవుతుందో చెప్తా. తలుపు తీస్తారు. లోపల బురద చీలమండ దాకా. మంచం కోళ్ళు ఉబ్బి ఉంటాయి, బీరువా తలుపు రాదు. ఆధార్ ఇవ్వమ్మా అంటే ఆవిడ తడిసిన కాగితాల ముద్ద తెచ్చి చేతిలో పెడుతుంది. అందులో ఏది ఆధార్, ఏది కరెంటు బిల్లు తెలీదు. ఫోన్ నీళ్ళల్లో పోయింది కాబట్టి ఓటీపీ రాదు. ఇంతలో ఓనరు వచ్చి "ఇల్లు నాది, నా పేరు రాయి" అంటాడు. అద్దెకున్నావిడ "సామాను నాది" అంటుంది. ఉంటున్నవాళ్ళ పేరే రాయాలని మాకు చెప్పారు, రాశాం. సాయంత్రానికి ఆ ఓనరు ఒక నాయకుడిని వెంటేసుకుని వచ్చాడు. ఏ పార్టీ అని అడగకండి, రెండు వైపుల నుంచీ వచ్చారు.

తలుపు తాళం ఉన్న ఇళ్ళు సగం. వాళ్ళంతా చుట్టాల ఊళ్ళకి వెళ్ళిపోయారు. తిరిగొచ్చేసరికి సర్వే అయిపోయింది. మీరు లిస్టులో లేరంటే అందరూ అనుకునేది "మా పార్టీ చూసి తీసేశారు" అని. అలా తీసేసినవి లేవని ప్రమాణం చేయను. నా చేతుల మీదుగా పోయినవాటిలో మాత్రం ఎక్కువ తాళాలు, ఓటీపీలు, బ్యాంకు లింకులే.

కండ్రిక_కిరణ్

అన్నా మీ మాట నమ్ముతా. కానీ మా సందులో నీళ్ళే రాని ఇంటికి 25,000 పడింది. అది ఏ ఓటీపీ?

అజ్ఞాత_ఉద్యోగి

అది ఓటీపీ కాదు, ఫోన్ కాల్. ఇంతకంటే రాయను.

పెసరట్టు_ఉప్మా

ఉద్యోగి గారికి ఎవరైనా కాఫీ పట్టుకెళ్ళండి.

లంక_పడవ

మొదటి పోస్టులో తెప్ప సంగతి రాశారు కదా. బోట్లు వేసుకుని మేం కూడా వచ్చాం. అప్పుడు ఫేస్‌బుక్‌లో మమ్మల్ని దొంగలన్నారు. మనిషికి వెయ్యి, రెండు వేలు అడిగారని. అడిగినవాళ్ళు ఉన్నారు, కాదనను, సిగ్గుచేటే. కానీ అందరినీ కలిపి అనకండి. మా బోటు మీద ఉన్నవాళ్ళెవరం పైసా ముట్టలేదు.

నది వేరు, వీధి వేరు. నీళ్ళ కింద ఏముందో తెలీదు. మునిగిన కారు మీద బోటు అడుగు గీసుకుంటే ఫైబర్ చిరుగుతుంది. ఫ్యానుకి చీర చుట్టుకుంటే ఇంజన్ ఆపి, పీకదాకా నీళ్ళల్లో దిగి కత్తితో కోయాలి. తెగిన కేబుల్ టీవీ వైర్లు మెడకి తగులుతుంటాయి. లోపలి సందుల్లోకి పెద్ద బోటు తిరగదు. అందుకే ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు గుట్టలుగా పడి ఉన్నా వెనక వీధులకి అందలేదు. హెలికాప్టర్లు, డ్రోన్లు వేసినవి సగం నీళ్ళల్లో పడ్డాయి. మీ వీధి కుర్రాళ్ళ ట్యూబు తెప్ప మా బోటు కంటే బాగా పని చేసింది, నేను కళ్ళారా చూశా.

సైకిల్_చైన్

పడవల మాట వచ్చింది, బ్యారేజీని గుద్దిన పడవలు ఎవరివో కూడా చెప్పు తమ్ముడూ 😄

లంక_పడవ

అవి ఇసక పడవలు. నాది చేపల పడవ. దానికి ఏ పార్టీ రంగూ లేదు, తుప్పు రంగే.

నిజం_నిష్ఠూరం

బ్యారేజీ గేట్ల దగ్గర బరువు దిమ్మెలు విరిగాయి, అది ఊళ్ళో అందరికీ భయం పుట్టించింది. దాని మీద కుట్ర అని ఒకరు, ఆ పడవల ఓనర్లతో ఫోటోలు మీ వాళ్ళవే అని ఇంకొకరు. కేసు పెట్టారు, అరెస్టులు చేశారు, కోర్టు తేలుస్తుంది. మనం ఇక్కడ తేల్చలేం.

ఖమ్మం_కాలవొడ్డు

మీ గోల చదువుతుంటే మా గోల గుర్తొస్తోంది. అదే ఆదివారం మాకు మున్నేరు పొంగింది. ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద 9 మంది ఇరుక్కుని పొద్దున్నుంచి కేకలేస్తుంటే హెలికాప్టర్ రాలేదు. రాత్రికి ఒక జేసీబీ డ్రైవర్ "పోతే నా ఒక్క ప్రాణం, వస్తే తొమ్మిది" అన్నట్టుగా బండి తీసుకుపోయి అందరినీ తెచ్చాడు. ఆ రాత్రి ఖమ్మంలో పార్టీ లేదు.

సెప్టెంబర్ 3న బీఆర్ఎస్ హరీశ్‌రావు, మాజీ మంత్రులు పరామర్శకి వస్తే కార్ల మీద రాళ్ళు పడ్డాయి. కాంగ్రెసోళ్ళు చేశారని వీళ్ళు, మీ మీద జనమే తిరగబడ్డారని వాళ్ళు. మా ఇంట్ల బురద అట్లనే ఉంది, బజార్ల కొట్లాట. తక్షణ సాయం 10,000 అన్నరు, దానికీ ఇదే లిస్టు పంచాయతీ. ఇంక మొన్న కేంద్రం మీకు 1,036 కోట్లు, మాకు 416 కోట్లు ఇచ్చింది. మాకెందుకు తక్కువ అని అదొకటి.

పెసరట్టు_ఉప్మా

ఖమ్మం అన్నా, రాష్ట్రాలు విడిపోయినా వరదలు మాత్రం జాయింట్‌గానే వస్తున్నాయి.

ఇద్దరు_పిల్లల_తల్లి

అందరూ గేట్లు, పడవలు, గండ్లు అంటున్నారు. డాబా మీద ఆడవాళ్ళ సంగతి ఒక్కరూ రాయలేదు. కింద బాత్రూములన్నీ మునిగిపోయాయి. పైన ఉన్న ఒక్క బాత్రూముకి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. చుట్టూ నీళ్ళే, కడుక్కోవడానికి నీళ్ళు లేవు. ఆడపిల్లలు చీకటి పడేదాకా ఆపుకుని కూర్చున్నారు. పొట్లాల్లో బిర్యానీ వచ్చింది, బ్రెడ్ వచ్చింది, నాయకుల ఫోటోల స్టిక్కర్లు వచ్చాయి. ప్యాడ్లు రాలేదు. అడగడానికి కుర్రాళ్ళకి సిగ్గు, చెప్పడానికి మాకు సిగ్గు. చివరికి ఒక మసీదు వాళ్ళు పంపిన సంచుల్లో వచ్చాయి. లోపల చీటీ మీద ఏమిటో రాసి కూడా ఉంది, అంత పద్ధతిగా. ఎవరో ఆలోచనపరురాలు సర్దింది.

మా అత్తగారికి ఇన్సులిన్. ఫ్రిజ్ పోయింది. వీధి చివర మెడికల్ షాపు అబ్బాయి థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టి దాచి పంపాడు. ఆ అబ్బాయి ఇంటి మీద ఏ జెండా ఉంటుందో మా ఆయనకి తెలుసు, ఎన్నికలప్పుడు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. మీ వీధులు విడిపోయాయేమో కానీ మా దగ్గర ఆ ఒక్కటి అతుక్కుంది.

గుణదల_గుమాస్తా

ఈ పోస్టు పైన పిన్ చేయండి ఎవరైనా.

సైకిల్_చైన్

స్టిక్కర్ల మాట నిజమే అక్కా. మా వాళ్ళూ వేశారు. వద్దన్నాను, వినలేదు.

ఫ్యాన్_అభిమాని

మా వాళ్ళూ వేశారు. దీని మీద నీతో గొడవ లేదు.

పెసరట్టు_ఉప్మా

చరిత్రలో మొదటిసారి వీళ్ళిద్దరూ ఏకీభవించారు. స్క్రీన్‌షాట్ తీశాను.

ఒంగోలు_వాడు

మా ఊరి మున్సిపాలిటీ వర్కర్లని బస్సుల్లో అక్కడికి తీసుకెళ్ళారు. మా వీధి ఊడ్చే ఆవిడ వెళ్ళి వచ్చింది. పనికి పోతే ఇళ్ళల్లోంచి తీసిన పరుపులే పరుపులట. తడిసిన పరుపు నలుగురు మోస్తే గానీ లేవదు. చచ్చిన ఎలకలు, పాములు, కుళ్ళిన బియ్యం వాసన. ఫైరింజన్లు ఇంట్లోకి పైపు పెట్టి కడుగుతుంటే వీళ్ళు బురద తోసేవాళ్ళు. వచ్చాక ఆవిడకి కాళ్ళ వేళ్ళ మధ్య ఒరుపులు ఇంకా మానలేదు. మీ లిస్టుల్లో ఆవిడ పేరు ఎక్కడా రాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి

మా ఇంటికీ అలా వచ్చినవాళ్ళే. టీ ఇద్దామంటే ఇంట్లో పొయ్యి కూడా లేదప్పుడు. ఆవిడకి చెప్పండి, గుర్తున్నారని.

గట్టుమీది_ఇల్లు

ఇందాకటి నుంచి చదువుతున్నా. ఇప్పుడు కొత్తగా "ఆపరేషన్ బుడమేరు" అంటున్నారు. హైదరాబాద్ హైడ్రాలాగా ఇక్కడా ఆక్రమణలు తీసేయాలట. సర్వే వాళ్ళు వస్తారని మా గట్టు మీద జనం నిద్రపోవట్లేదు. వరదకి ఒకసారి మునిగాం, ఇప్పుడు ఇళ్ళే పోతాయా?

రింగురోడ్డు_రావు

కోపం తెచ్చుకోకండి కానీ, ఏరు పోయే దారిలో ఇల్లు కట్టుకుంటే ఏరు ఊరుకుంటుందా? మీ ఇళ్ళ వల్ల నీళ్ళు ఆగి మా కాలనీ మునిగింది. తీసేయాల్సిందే.

గట్టుమీది_ఇల్లు

నాకు ఇంటి పన్ను రసీదుంది. కరెంటు మీటరుంది. కుళాయి కనెక్షనుంది. ప్రతి ఎన్నికకీ ఓటరు స్లిప్పు అదే అడ్రసుకి వస్తుంది. అప్పుడు ఏరు కనపడలేదా? మీ కాలనీ లేఅవుట్ వేసినప్పుడు అది మాగాణి. మా నాన్న అందులో కలుపు తీశాడు. నీళ్ళు నిలిచే మాగాణిని మెరక చేసి ప్లాట్లు వేస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలి? రేకుల ఇల్లు ఆక్రమణ, అపార్ట్‌మెంటు అభివృద్ధి. ఇదేం లెక్క?

రింగురోడ్డు_రావు

మాకు ప్లాన్ అప్రూవల్ ఉందండి.

గట్టుమీది_ఇల్లు

వరదకి చూపించారా?

పెసరట్టు_ఉప్మా

🔥

రిటైర్డ్_డెల్టా

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ సమానంగా లేదు. ఏరు మూసుకుపోయింది గుడిసెల వల్ల మాత్రమే కాదు. ఊరి కింద నుంచి కొల్లేరు దాకా వెడల్పు తగ్గిపోయింది, వంతెనల కింద పూడిక, గుర్రపుడెక్క. ఏలూరు కాలవ కింద నుంచి బుడమేరు దాటే యూటీల (అండర్ టన్నెళ్ళ) దగ్గర ఎంత నీరు పడుతుందో అంతే పోతుంది. తీస్తే మొత్తం దారి తీయాలి. గట్టు మీద పేదవాళ్ళని మాత్రం తీసి ఫోటో దిగితే వచ్చే వానకి మళ్ళీ ఇదే. పవన్ కల్యాణ్ కూడా ముందు వాళ్ళతో మాట్లాడాలి, వేరే చోటు చూపించాలి అన్నట్టే మాట్లాడారు. ఆ మాట కాగితం మీద ఎప్పుడొస్తుందో చూడాలి.

నందివాడ_రైతు

విజయవాడలో నీళ్ళు దిగాయని టీవీలో చూపించి సంబరపడ్డారు. దిగిన నీళ్ళు ఎక్కడికి పోయాయో ఎవరైనా అడిగారా? మా మీదకి. మా నాట్లు నీళ్ళ కింద ఎన్నాళ్ళున్నాయంటే, తీరా నీరు తీశాక చేలో వరి కాదు, నల్లటి జిగురు ఉంది. కొల్లేరు నిండుగా ఉంటే బుడమేరు అక్కడ దిగదు, సముద్రంలోకి పోయే ఉప్పుటేరు లాగితేనే కొల్లేరు దిగుతుంది. ఆ మధ్యలో ఉన్నది మేం.

హెక్టారుకి 25,000, అంటే ఎకరానికి 10,000. నాటుకి, దమ్ముకి, ఎరువులకి పెట్టింది అంతకు మించే. పైగా నేను కౌలుకి చేస్తున్నా. పేరు ఎవరిది పడుతుందో ఈసరికి మీకు అర్థమై ఉంటుంది. మా ఊరికి కెమెరా రాలేదు, కాబట్టి రాజకీయం కూడా రాలేదు. దానికి మాత్రం అదృష్టవంతులమే.

కండ్రిక_కిరణ్

కౌలు కార్డు ఉందా బాబాయ్? ఉంటే పంట నమోదులో మీ పేరు ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో చూపించుకోండి. అందులో ఉంటే మీకే రావాలి.

నందివాడ_రైతు

కార్డు కావాలంటే భూమి ఆయన సంతకం పెట్టాలి బాబూ. ఆయన పెట్టడు. పెడితే వచ్చే ఏడు భూమి నాకివ్వడు.

విరాళం_ఇచ్చినవాడు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. ఒక రోజు జీతం సీఎం సహాయ నిధికి ఇచ్చాను. పవన్ కల్యాణ్, చిరంజీవి, ఎన్టీఆర్, ప్రభాస్ అందరూ ఇచ్చారు, చాలా డబ్బు వచ్చింది. ఇప్పుడు కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలకి కోట్లు రాశారని ఒక వైపు పోస్టులు, అదంతా అబద్ధమని ఇంకో వైపు పోస్టులు. ఇచ్చినవాడికి ఏది నమ్మాలి?

సైకిల్_చైన్

అబద్ధమని అధికారులే చెప్పారు కదా. మళ్ళీ ఎందుకు?

విరాళం_ఇచ్చినవాడు

చెప్పడం వేరు, బిల్లు చూపించడం వేరు. మా ఆఫీసులో ఇరవై రూపాయల టీకి బిల్లు అడుగుతారు. పద్దు మొత్తం వెబ్‌సైట్‌లో పెడితే అబద్ధమో నిజమో మేమే చూసుకుంటాం. మీరూ అరవక్కర్లేదు, వాళ్ళూ అరవక్కర్లేదు.

ఫ్యాన్_అభిమాని

సూపర్.

విరాళం_ఇచ్చినవాడు

మీరు సంబరపడకండి. 2019 నుంచి 2024 దాకా వచ్చిన విపత్తుల పద్దు కూడా చూపించమంటాను.

నిర్వాహకుడు

ఒకరి కులం తీసుకొచ్చి రాసిన రెండు పోస్టులు తీసేశాను. పార్టీని తిట్టుకోండి, అది మీ హక్కు. మనిషి పుట్టుకని తీసుకొస్తే మాత్రం ఖాతా ఆగిపోతుంది.

అజ్ఞాత_ఉద్యోగి

పేరు రానివాళ్ళకి పనికొచ్చే మాట చెప్తా. సెప్టెంబర్ 25న వేసిన 600 కోట్ల పైచిలుకులో కొందరివి బ్యాంకు నుంచి వెనక్కి వచ్చాయి. లిస్టులో పేరుండి డబ్బు పడకపోతే తప్పు సాధారణంగా ఆధార్‌కీ ఖాతాకీ లింకు దగ్గర ఉంటుంది. బ్యాంకుకి వెళ్ళి లింకు ఏ ఖాతాకి ఉందో అడగండి. చాలామందికి ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాకి ఉంటుంది, డబ్బు అక్కడ పడి ఉండొచ్చు. అసలు పేరే లేకపోతే సచివాలయంలో అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి. నంబరు లేకుండా నోటి మాట మీద ఇంటికి రాకండి. అద్దెకున్నవాళ్ళు గ్యాస్ బుక్కు పట్టుకెళ్ళండి, అందులో అడ్రసు ఉంటుంది. ఏ నాయకుడి లెటరూ అక్కర్లేదు.

సింగ్‌నగర్_డాబా

ఈ పోస్టు ప్రింటు తీసి మా పాల బూత్ దగ్గర అంటించాను. పేరు రాని మా కుర్రాడిది లింకు గొడవ కాదు, ఇంటికి తాళం. పెద్దమ్మాయిని కనిగిరిలో అత్తవారింట దింపడానికి వెళ్ళిన రోజే సర్వే వాళ్ళు వచ్చారు. అర్జీకి సాక్షి సంతకాలు కావాలంటే అవతలి బూత్ ఏజెంటు పెట్టాడు. పెడుతూ కూడా "మీ ఛానల్ పనులు" అని ఒక మాట అన్నాడు, వీడూ ఒకటి అన్నాడు. ఇద్దరికీ ఇంకా మాటల్లేవు. కానీ సంతకం పడింది.

లంక_పడవ

ఒక సలహా. మీ వీధికి మంచి నైలాన్ తాడు, ఆరు లారీ ట్యూబులు, చేతి పంపు కొని ఎవరి డాబా మీదైనా పెట్టుకోండి. ఆ ఇంటి తాళం రెండు పార్టీలవాళ్ళ దగ్గరా ఉండాలి. ఏ ఇంట్లో మంచం మీద మనిషి ఉన్నాడో, ఎవరికి సూది మందు కావాలో ఒక కాగితం రాసి దాంతోనే పెట్టండి. బోటు వచ్చేసరికి మేం అడిగే మొదటి మాట అదే, చాలా వీధుల్లో చెప్పేవాడు లేడు.

ఫ్యాన్_అభిమాని

దీన్నే కదా వాలంటీర్ వ్యవస్థ అంటారు.

పెసరట్టు_ఉప్మా

నువ్వు వదలవు.

బైకు_బాధితుడు

మధ్యలో వస్తున్నా. నా బండి హ్యాండిల్ దాకా మునిగింది. ప్రభుత్వం టూ వీలర్‌కి 3,000 అంటోంది, మెకానిక్ ఇంజన్ విప్పితే 9,000 అంటున్నాడు. ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

కండ్రిక_కిరణ్

థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే రాదు. ఫుల్ పాలసీ అయితే వరద కవర్ అవుతుంది. నీళ్ళల్లోంచి తీశాక కిక్ కొట్టావా?

బైకు_బాధితుడు

కొట్టాను... స్టార్ట్ అవుతుందేమోనని.

కండ్రిక_కిరణ్

అక్కడే పేచీ పెడతారు. నీళ్ళున్న ఇంజన్ని తిప్పడం వల్ల పోయిందంటే ఇవ్వనంటారు, ఇంజన్ కవర్ విడిగా తీసుకుంటే తప్ప. మెకానిక్‌ని ఇంకేం విప్పొద్దను, ఫోటోలు తీయి, సర్వేయర్ వచ్చేదాకా బండి అక్కడే ఉంచు. ఇవాళే క్లెయిమ్ నంబరు తీసుకో.

బైకు_బాధితుడు

మెకానిక్ అప్పుడే సగం విప్పేశాడు అన్నా. ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు.